చెయ్యి తీసేశాక కెమెరా ఎక్కడ ఉంటుంది?

ట్రైపాడ్ కొనేవాళ్లు కాళ్లు చూసి కొంటారు. అల్యూమినియమా, కార్బన్ ఫైబరా, ఎంత ఎత్తు లేస్తుంది, మడిస్తే బ్యాగులో పడుతుందా అని అడుగుతారు. ఆ కాళ్ల మీద కూర్చునే హెడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. పెట్టెలో ఏది వస్తే దానితోనే సరిపెట్టుకుంటారు. ఈ పూట నేను మాట్లాడేది ఆ హెడ్ గురించే.

జంషెడ్‌పూర్‌లో ఫొటోలు, వీడియోలు తీసే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి టాటా కంపెనీ పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు. వాళ్లలో పెళ్లిళ్లు తీసి ఇల్లు నడుపుకునేవాళ్లున్నారు. డ్యూటీ దిగి కెమెరా భుజాన వేసుకుని దల్మా కొండవైపు పోయేవాళ్లున్నారు. కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ ప్రోగ్రాముల్లో పిల్లల డాన్సు తీసుకునే తల్లిదండ్రులున్నారు. యూట్యూబ్ చానల్ పెట్టుకున్న కుర్రాళ్లున్నారు. ఒకరి పనికి సరిపోయే హెడ్ ఇంకొకరి పనికి సరిపోదు. అయినా వీళ్లందరికీ నేను చెప్పే పరీక్ష ఒకటే. హెడ్‌ను చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడు చూసి కొనకండి. చెయ్యి తీసేశాక కెమెరా ఏం చేస్తుందో చూసి కొనండి.

ముందు పెట్టె మీద రాసి ఉండే అంకె సంగతి తేల్చుకుందాం. 8 కిలోలు మోస్తుంది, 15 కిలోలు మోస్తుంది అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నా కెమెరా 2 కిలోలేగా, 8 కిలోల హెడ్ బ్రహ్మాండంగా సరిపోతుంది అనుకుంటాం. ఆ అంకె ఎలా వచ్చిందో కంపెనీ కంపెనీకీ లెక్క వేరు. నిటారుగా మోయడం ఏ హెడ్‌కైనా తేలికే. కష్టం వంచినప్పుడు మొదలవుతుంది. కెమెరా, లెన్సు కలిపి 3 కిలోలు అనుకుందాం. వాటి బరువంతా కేంద్రీకరించే చోటు, హెడ్ వంగే ఇరుసుకు 10 సెంటీమీటర్లు పైన ఉందనుకుందాం. కెమెరాను 30 డిగ్రీలు కిందికి వంచితే, ఆ ఇరుసు మీద 10 సెంటీమీటర్ల కర్రకు ఒకటిన్నర కిలోల తూకం వేలాడదీసినంత లాగుడు పడుతుంది. ఇంకా వంచితే ఇంకా పెరుగుతుంది. కెమెరా మీద మైకు, లైటు, మానిటరు బిగించారా, బరువు కేంద్రం పైకి పోతుంది. అది 20 సెంటీమీటర్లకు చేరితే లాగుడు రెట్టింపవుతుంది. కాబట్టి ఎన్ని కిలోలు అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ కిలోలు ఎంత ఎత్తున ఉన్నాయి, ఎంత వంచుతారు అన్నవి కూడా అడగాలి. షాపులో ఈ మాట అడిగేవాళ్లు చాలా అరుదు.

ముందు ఫొటోల వైపు చూద్దాం. ఎక్కువమంది దగ్గర ఉండేది బాల్ హెడ్. లోపల ఒక లోహపు గుండు, దాన్ని పట్టుకునే గిన్నె, బిగించే నాబ్. ఒక్క నాబ్ వదులు చేస్తే కెమెరా ఎటైనా తిరుగుతుంది. చిన్నది, తేలిక, త్వరగా పని అవుతుంది. మార్చి 3న జంషెడ్జీ టాటా పుట్టినరోజుకు జూబిలీ పార్కు దీపాలతో వెలిగిపోయినప్పుడు జనం ఎలా వస్తారో మీకు తెలుసు. కంపెనీకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా ఊరికి ఇచ్చిన పార్కు అది. 1958 మార్చిలో నెహ్రూ ప్రారంభించారు. ఆ రద్దీలో ట్రైపాడ్ నిలబెట్టడానికి అడుగు జాగా దొరికితే గొప్ప. దొరికినచోట కాళ్లు చాపి, చటుక్కున ఫ్రేము పెట్టి, పది సెకన్ల ఎక్స్‌పోజర్ తీసి, పక్కకు తప్పుకోవాలి. అక్కడ మూడు పిడులు ఒకదాని తర్వాత ఒకటి సరిచేసుకునే తీరిక ఉండదు. బాల్ హెడ్డే సరైనది.

బాల్ హెడ్‌కు ఒక జబ్బు ఉంది. ఫ్రేము చక్కగా పెట్టుకుని, నాబ్ బిగించి, చెయ్యి తీస్తారు. కెమెరా ముక్కు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. మామూలు 24 మిల్లీమీటర్ల లెన్సుతో అది కంటికి ఆనదు, ఎందుకంటే ఆ లెన్సు అడ్డంగా 73 డిగ్రీల పైనే చూస్తుంది. డిగ్రీలో పదో వంతు దిగినా ఫ్రేములో తేడా దొరకదు. అదే 600 మిల్లీమీటర్ల లెన్సు చూసేది మూడున్నర డిగ్రీల లోపే. అక్కడ డిగ్రీలో పదో వంతు అంటే ఫ్రేము వెడల్పులో దాదాపు 3 శాతం. పక్షి తల మీద పెట్టిన ఫోకస్ పాయింటు మెడ మీదికి జారిపోవడానికి అంత చాలు. కొందరు దీనికి అలవాటుపడి, అవసరమైనదానికన్నా కాస్త పైకి ఎత్తి బిగిస్తారు. అలా చేయాల్సి వస్తోందంటే ఆ లెన్సుకు ఆ హెడ్ చాలడం లేదని అర్థం. గుండు వ్యాసం పెద్దదయ్యే కొద్దీ పట్టు పెరుగుతుంది. అందుకే నేను బాల్ హెడ్‌లో రంగు, అందం, కిలోల అంకె పక్కనపెట్టి ముందు గుండు ఎంత లావుందో చూడమంటాను. ఫ్రిక్షన్ నాబ్ విడిగా ఉందా అన్నది కూడా చూడండి. అది ఉంటే, పెద్ద నాబ్ వదులు చేసినప్పుడు కెమెరా దబ్బున పక్కకు వాలిపోదు. కెమెరా వాలితే మధ్యలో వేలు నలిగిపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ నొప్పి తెలుసు.

త్రీ-వే హెడ్ అంటే మూడు పిడులది. ఒక పిడి పైకీ కిందికీ, ఒకటి పక్కకు వాల్చడానికి, ఒకటి చుట్టూ తిప్పడానికి. ఇది పాతకాలపుదని కుర్రాళ్లు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. బిష్టుపూర్ పాత కట్టడాలో, గుడి గోపురమో, దుకాణంలో అమ్మకానికి పెట్టిన వస్తువులో తీసేటప్పుడు ఒక్క దిశలో మాత్రమే సవరించాలి, మిగతా రెండూ కదలకూడదు. బాల్ హెడ్‌తో ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెదురుతుంది. మూడు పిడులదానితో ఆ బాధ లేదు. ఇంకా నిదానంగా, ఇంకా కచ్చితంగా కావాలంటే గేర్లున్న హెడ్ ఉంది. నాబ్ తిప్పితే కొంచెం కొంచెంగా జరుగుతుంది, వదిలినచోటే ఉండిపోతుంది. దాన్ని బిగించే పనే ఉండదు కనుక బిగించాక జారే పనీ ఉండదు. బరువు మాత్రం ఎక్కువ. ఆటో ఎక్కి తిరిగేవాళ్లకు కాదు, ఒకచోట కూర్చుని పనిచేసేవాళ్లకు.

సోనారీ దగ్గర దోముహానీలో సువర్ణరేఖ, ఖర్కాయి కలిసేచోట పానోరమా తీసేవాళ్లను చూస్తుంటాను. ఎడమ నుంచి కుడికి కెమెరా తిప్పుతూ వరసగా ఫొటోలు తీసి, తర్వాత కంప్యూటర్‌లో అతికిస్తారు. ఒక్కో ఫొటో పక్కదానితో మూడో వంతు కలిసేలా తీయాలని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. బాల్ హెడ్‌లో తిరిగే చక్రం సాధారణంగా అడుగున ఉంటుంది. ట్రైపాడ్ కాళ్లు వాలుగా నిలబడి ఉంటే ఆ చక్రమూ వాలుగానే తిరుగుతుంది. పైన కెమెరా సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. తిప్పుతూ పోయేసరికి నది ఒకవైపు పైకి లేచిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. కాళ్లను ముందే బబుల్ లెవెల్ చూసి సమంగా నిలబెట్టడం ఒకటి. ప్లేటు పట్టుకునే క్లాంపు కిందే ఇంకో తిరిగే చక్రం ఉన్న హెడ్ కొనడం రెండోది. నది ఒడ్డున రాళ్ల మీద కాళ్లు సమం చేయడం ఎంత విసుగో తెలిసినవాళ్లు రెండోదానికే పోతారు. నేనూ అదే చెబుతాను.

చీకటిపడ్డాక కంపెనీ స్లాగ్ పోసినప్పుడు ఆకాశం నారింజరంగుకు తిరగడం ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు చిన్నప్పటి జ్ఞాపకం. ఆ వెలుగును ఎక్కువసేపటి ఎక్స్‌పోజర్‌లో పట్టాలంటే హెడ్ గట్టిదైతే సరిపోదు, మీరు దాన్ని ముట్టుకోకూడదు. షట్టర్‌కు 2 సెకన్ల టైమర్ పెట్టండి. లెన్సులో స్టెబిలైజర్ ఆపండి. మధ్య కడ్డీని పైకి లేపకండి, అది లేచే కొద్దీ ఎంత మంచి హెడ్ అయినా ఊగుతుంది. మెరైన్ డ్రైవ్ రోడ్డు పక్కన నిలబడితే లారీ పోయిన ప్రతిసారీ నేల అదురుతుంది, కాబట్టి లారీ దాటిపోయాక షట్టర్ నొక్కండి.

దల్మా సంగతి వేరు. ఏనుగుల అభయారణ్యం అది. కొండ కింద డిమ్నా చెరువు ఊరికి 12, 13 కిలోమీటర్లే. అక్కడ పక్షుల కోసం 150-600 జూమ్ పట్టుకెళ్లేవాళ్లున్నారు. ఆ లెన్సు ఒక్కటే 2 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. పక్షి ఎగిరితే వెంట తిరగాలి, వాలితే అక్కడే ఆగాలి. దీనికోసం తయారైందే గింబల్ హెడ్. ఉయ్యాల పళ్లెంలో లెన్సును దాని కాలర్‌తో బిగిస్తారు. ముందుకూ వెనక్కూ జరిపి ఒక తూకం, పైకీ కిందికీ జరిపి ఇంకో తూకం కుదుర్చుతారు. బరువు కేంద్రం సరిగ్గా ఇరుసు మీదికి వచ్చిందంటే ఇక బిగించే అవసరమే లేదు. నాబులన్నీ వదిలేసి లెన్సును ఆకాశం వైపు పెట్టి చెయ్యి తీస్తే అక్కడే ఉంటుంది. నేలవైపు పెట్టి తీసినా అక్కడే ఉంటుంది. ఇందాక నేను చెప్పిన లాగుడు ఇక్కడ సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఇరుసుకూ బరువుకూ మధ్య దూరమే లేదు. గింబల్ పేరుతో ఇప్పుడు ఫోనుకు తగిలించే మోటారు స్టిక్కులు కూడా దొరుకుతున్నాయి. అవి వేరు, ఇది వేరు. షాపులో స్పష్టంగా చెప్పి అడగండి.

ఇప్పుడు వీడియోకు వద్దాం. నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే.

ఫొటో తీసేవాడికి కెమెరా ఆగితే చాలు. వీడియో తీసేవాడికి కెమెరా కదలాలి, ఆ కదలిక మొదలైనట్టు తెలియకుండా మొదలై, ఆగినట్టు తెలియకుండా ఆగాలి. లోహం మీద లోహం రాసుకునే హెడ్‌తో ఇది కుదరదు. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచడానికి కావలసిన బలంకన్నా ఎక్కువ. మీరు మెల్లగా తోస్తారు, కదలదు. ఇంకొంచెం తోస్తారు, ఒక్కసారిగా జారిపోతుంది. తెర మీద అది కుదుపుగా కనిపిస్తుంది. ఫ్లూయిడ్ హెడ్‌లో కదిలే పలకల మధ్య చిక్కటి ద్రవం ఉంటుంది. తేనెలో గరిటె తిప్పినట్టు, మెల్లగా తిప్పితే తేలిగ్గా సాగుతుంది, జోరుగా తిప్పబోతే అంతే జోరుగా అడ్డుకుంటుంది. చేతి వణుకు ఆ ద్రవంలోనే కరిగిపోతుంది.

ఈ ఫ్లూయిడ్ హెడ్ పుట్టుకలో ఒక ముచ్చట ఉంది. ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ 1940ల్లో దీని మీద పనిచేశాడు. అమెరికాలో చాడ్వెల్ ఓకానర్ అనే ఇంజినీరుకు ఆవిరి రైళ్లంటే పిచ్చి ప్రేమ. దూసుకొచ్చే ఇంజన్‌ను కుదుపు లేకుండా సినిమా తీసుకోవాలని తన సొంత కెమెరాకు ద్రవంతో నడిచే హెడ్ చేసుకున్నాడు. కాలిఫోర్నియాలో గ్లెన్‌డేల్ స్టేషన్ దగ్గర రైళ్లు తీస్తుంటే వాల్ట్ డిస్నీ కంటపడ్డాడు. డిస్నీకీ రైళ్లంటే ప్రాణమే. ఆ హెడ్ చూసి తన మనుషులకు కావాలని అడిగాడు. 1953లో వచ్చిన ‘ది లివింగ్ డెజర్ట్’ చిత్రీకరణలో దాన్ని వాడారు. ఆ తర్వాత ఓకానర్ పేరే ఒక కంపెనీ పేరైంది. 1992 సంవత్సరానికి ఆస్కార్ అకాడెమీ ఆయన్ను ఈ పనికే సత్కరించింది. అమ్మకం కోసం కాదు, ఇంజన్‌ను అందంగా చూడాలన్న కోరికతో ఒక మనిషి చేసుకున్న పనిముట్టు ఇవాళ ప్రపంచమంతటా సినిమా కెమెరాల కింద ఉంది. నాకు ఈ కథ ఇష్టం కావడానికి ఇంకో కారణం మన ఊరే. టాటాల టెల్కో కంపెనీ 1945లో మొదలైంది ఆవిరి రైలింజన్ల కోసమే. 1970 దాకా ఇక్కడ అవి తయారయ్యాయి. అవతల ఒకాయన ఆవిరి ఇంజన్‌ను తీయడానికి హెడ్ చేసుకుంటున్న కాలంలోనే ఇవతల టాటానగర్‌లో మన తాతలు ఆ ఇంజన్లకు బాయిలర్లు బిగిస్తున్నారు. 1950ల్లో హరిసాధన్ దాస్‌గుప్తా టాటా స్టీల్ మీద డాక్యుమెంటరీ తీశాడు. దానికి స్క్రిప్టు సత్యజిత్ రాయ్ రాశాడు. కెమెరా పట్టింది ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు క్లాడ్ రెన్వా. కదిలే బొమ్మకు ఈ ఊరు కొత్త కాదు.

ఫ్లూయిడ్ హెడ్‌లో చూడాల్సింది రెండు. ఒకటి డ్రాగ్, అంటే ఆ ద్రవం ఇచ్చే అడ్డు ఎంతో మార్చుకునే వీలు. రెండోది కౌంటర్‌బ్యాలెన్స్. కెమెరాను వంచినప్పుడు కిందికి లాగే బలానికి ఎదురుగా లోపలి స్ప్రింగు పైకి లాగుతుంది. ఆ రెండూ సమానమైతే ఏ కోణంలో వదిలినా కెమెరా అక్కడే నిలుస్తుంది. చౌక హెడ్లలో ఈ స్ప్రింగు ఒకే బరువుకు కట్టేసి ఉంటుంది. ఉదాహరణకు 4 కిలోలకు కట్టిన స్ప్రింగు మీద 1 కిలో కెమెరా పెడితే, వంచిన ప్రతిసారీ పైకి ఎగబాకుతుంది. పెద్ద హెడ్ కొంటే ఎప్పటికైనా పనికొస్తుంది అన్న మాట ఇక్కడ చెల్లదు. మీ కెమెరా బరువు హెడ్ చెప్పే కనిష్ఠ, గరిష్ఠ బరువుల మధ్యలో పడాలి. ఫోనుతోనే వీడియో తీసేవాళ్లకు పెద్ద హెడ్ వల్ల లాభం లేదు, చేతికి శ్రమ తప్ప.

దీన్ని మన కళ్ల ముందున్న నాట్యాల మీద పెట్టి చూద్దాం. ఆంధ్రా అసోసియేషన్ వేదిక మీద ఒక అమ్మాయి కూచిపూడి తరంగం చేస్తోంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి అడుగులు వేస్తోంది. కెమెరా పాదాల దగ్గర మొదలై, నడుము మీదుగా, ముఖం దాకా రావాలి. ఇదంతా టిల్ట్. ఇక్కడ కౌంటర్‌బ్యాలెన్స్ సరిగ్గా లేకపోతే పైకి తేవడం ఒక బరువుతో, కిందికి దింపడం ఇంకో బరువుతో జరుగుతుంది. చెయ్యి అలిసిపోతుంది, అభినయం ముఖం మీదికి వచ్చే సమయానికి ఫ్రేము ఇంకా భుజం దగ్గరే ఉంటుంది.

అదే చైత్ర పర్వానికి సరాయికేలా వెళ్లండి. మనకు దగ్గరే. అక్కడ ఆడే ఛౌ నృత్యం 2010లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. సరాయికేలా ఛౌలో ముఖానికి మాస్కు ఉంటుంది, కనుక భావమంతా ఒంటి కదలికలోనే చూపాలి. నర్తకుడు ఒక్కోసారి తీగ సాగినంత నిదానంగా కదులుతాడు. డ్రాగ్ బాగా పెంచి, పాన్‌ను, అంటే కెమెరాను పక్కకు తిప్పడాన్ని, అంత నిదానంగానూ సాగదీయాలి. కెమెరా కుదిపితే ఆ కదలిక అందం పోతుంది, ఎందుకంటే ప్రేక్షకుడు చూడ్డానికి ముఖం లేదు, కదలికే ఉంది. పురూలియా ఛౌ వేరు. గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగి మోకాళ్ల మీద పడతారు. దానికి డ్రాగ్ తగ్గించి, ఫ్రేము వెడల్పుగా ఉంచి, చెయ్యి తేలిక చేసుకోవాలి. ఒకే హెడ్ రెండింటికీ పనికి రావాలంటే డ్రాగ్ అంచెలంచెలుగా మార్చుకునేది కొనాలి. డ్రాగ్ మార్చే వీలులేని హెడ్ ఏదో ఒక నాట్యానికే సరిపోతుంది.

చిన్న కొండగుర్తు ఒకటి చెబుతాను. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి సుమారు 7 సెకన్లు పట్టేలా పాన్ చేయాలని ఛాయాగ్రాహకులు చెబుతారు. అంతకన్నా వేగంగా తిప్పితే గోడలూ చెట్లూ తెర మీద దడదడలాడతాయి. హెడ్ మంచిదైనా ఈ లెక్క తప్పితే లాభం లేదు.

బిష్టుపూర్ రామాలయంలో శ్రీరామనవమి కల్యాణం తీసేవాళ్ల కష్టం వేరే రకం. ఒక మూల ట్రైపాడ్ వేస్తే గంటల తరబడి అక్కడి నుంచి జరగడానికి ఉండదు. జీలకర్ర బెల్లం దగ్గర ఒక ఫ్రేము, తలంబ్రాల దగ్గర ఒక ఫ్రేము. పంతులుగారి చేతి నుంచి దేవుడి ముఖానికి, అక్కడి నుంచి జనానికి. బాల్ హెడ్‌తో వీడియో తీసేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. బాల్ హెడ్ ఒక్కసారే మూడు దిశల్లో వదులవుతుంది. కెమెరాను పక్కకు తిప్పబోతే మండపం స్తంభాలన్నీ ఒరిగిపోతాయి. తర్వాత ఎడిటింగ్‌లో నిటారు చేయబోతే అంచులు కోసుకుపోతాయి. వీడియోకు పాన్, టిల్ట్ రెండే ఉండి, పక్కకు వాలే వీలు లేకుండా ఉన్న హెడ్డే కావాలి. ప్లైవుడ్ వేదిక మీద ట్రైపాడ్ పెట్టకండి. ఎవరు నడిచినా ఊగుతుంది. వేదిక కింద నేల మీద నిలబెట్టండి, ఎత్తు చాలకపోతే విడిగా గట్టి బల్ల వేసుకోండి.

ఛఠ్ పూజకు సువర్ణరేఖ ఘాట్ల మీద ఇంకో చిక్కు. మెట్లు, బురద, జనం. తెల్లవారకముందే సిద్ధంగా ఉండాలి, సూర్యుడు మనకోసం ఆగడు. మూడు కాళ్లను ఒక్కొక్కటిగా పొడవు మార్చి సమం చేసే టైముండదు. అందుకే వీడియో ట్రైపాడ్లకు పైన గిన్నె ఉంటుంది. హెడ్ అడుగు అర్ధగోళంగా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుంది. కింది పిడి ఒక్కసారి వదిలి, బబుల్ మధ్యకు తెచ్చి, మళ్లీ బిగిస్తే అయిపోతుంది. ఈ గిన్నెలు 75, 100, 150 మిల్లీమీటర్లలో వస్తాయి. చిన్న కెమెరాలకు 75 చాలు. చదును అడుగున్న హెడ్, గిన్నె ట్రైపాడ్ కొనేటప్పుడు ఒకదానికొకటి సరిపోతాయో లేదో ముందే చూసుకోండి.

ప్లేటు గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే కెమెరాలు కిందపడేది ఎక్కువగా అక్కడే. కెమెరా అడుగున మర పావు అంగుళం. ట్రైపాడ్ కాళ్ల మీద హెడ్ బిగించే మర సాధారణంగా మూడు బై ఎనిమిది అంగుళాలు. ఈ రెండు కొలతలూ ఎక్కడైనా అవే. ప్లేట్లు మాత్రం అలా కావు. ఎక్కువగా దొరికేది ఆర్కా-స్విస్ రకం, వెడల్పు 38 మిల్లీమీటర్ల దగ్గర. ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ ప్లేటుకు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. లివర్‌తో మూసే క్లాంపులో ఆ తేడాతోనే ప్లేటు వదులుగా ఉండిపోతుంది, మనకు టక్‌మని వినిపించి బిగిసిందనుకుంటాం. మర తిప్పి మూసే క్లాంపు ఏ ప్లేటునైనా పట్టుకుంటుంది. రకరకాల ప్లేట్లు వాడేవాళ్లు మరదే తీసుకోండి. మ్యాన్‌ఫ్రోటో హెడ్లలో చాలావాటికి ప్లేటు వేరే రకం. ఇంట్లో రెండు కెమెరాలుంటే రెండింటికీ ఒకే రకం ప్లేట్లు ఉండేలా చూసుకోండి. పెళ్లి పందిట్లో కెమెరా మార్చాల్సి వచ్చి ప్లేటు ఇంట్లో ఉండిపోతే ఆ ముహూర్తం మళ్లీ రాదు. నిలువు ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లు ఎల్ ఆకారపు ప్లేటు వేయించుకుంటే కెమెరాను పక్కకు వాల్చే పని ఉండదు, బరువు నడిమికే ఉంటుంది.

ఇక షాపుకు వెళ్దాం. బిష్టుపూర్ అయినా, సాక్చీ అయినా, కోల్‌కతా అయినా, మీ కెమెరా మీతో తీసుకెళ్లండి. మీ దగ్గరున్న లెన్సుల్లో అన్నిటికన్నా బరువైనది తీసుకెళ్లండి. హెడ్ మీద బిగించండి. ఫొటోల హెడ్ అయితే దూరంగా ఉన్న ఒక బోర్డు మీది అక్షరాన్ని ఫ్రేము మధ్యలో పెట్టి, నాబ్ బిగించి, చెయ్యి తీసి తెరలో చూడండి. అక్షరం మధ్యలోనే ఉందా? నిమిషం ఆగి మళ్లీ చూడండి. వేలితో లెన్సు ముక్కును తట్టి, ఊగుడు ఎంతసేపట్లో సద్దుమణిగిందో చూడండి. వీడియో హెడ్ అయితే తాళాలన్నీ వదిలేసి 20 డిగ్రీలు కిందికి వంచి వదలండి. పైకి లేస్తుందా, కిందికి దిగుతుందా, అక్కడే ఉంటుందా? 40 డిగ్రీలకూ అలాగే చేయండి. తర్వాత పిడికి ఒక రబ్బరుబ్యాండు తగిలించి, దాన్ని మాత్రమే పట్టుకుని మెల్లగా లాగండి. నిజమైన ఫ్లూయిడ్ హెడ్ అయితే రబ్బరు కొంచెం సాగి, కెమెరా దానంతట అది బయల్దేరుతుంది. ఫ్లూయిడ్ అని పేరు రాసుకుని లోపల ఉత్త గ్రీజు పెట్టినదైతే రబ్బరు బాగా సాగి, కెమెరా ఒక్క గెంతు గెంతుతుంది. పాన్ ఆపి చెయ్యి తీసినప్పుడు వెనక్కి ఒక చిన్న జరుగుడు ఉందేమో కూడా చూడండి. టెలిఫొటోలో ఆ చిన్న జరుగుడే పెద్దగా కనిపిస్తుంది. దుకాణదారు తొందరపెడితే పట్టించుకోకండి. డబ్బు మీది.

డబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఉన్న డబ్బంతా కాళ్ల మీద పెట్టి మిగిలినదానితో హెడ్ కొనడం తప్పు. కాళ్లు కొంచెం బరువైనా మోసుకుపోవచ్చు. చెడ్డ హెడ్‌ను నైపుణ్యంతో కప్పిపుచ్చలేం. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లు కొత్త నాసిరకం హెడ్‌కన్నా వాడిన మంచి హెడ్ కొనుక్కోవడం మేలు. సినిమా, టీవీ యూనిట్ల నుంచి బయటికొచ్చే పాత ఫ్లూయిడ్ హెడ్లు చాలా ఏళ్లు పనిచేస్తాయి. ఎలా చూడాలో మాత్రం తెలిసి ఉండాలి. అతుకుల దగ్గర తడి లేదా జిడ్డు మరక కనబడితే లోపలి ద్రవం కారుతోందని అర్థం, వదిలేయండి. డ్రాగ్‌ను సున్నా నుంచి చివరి అంకె దాకా ఒక్కో మెట్టూ తిప్పి, ప్రతి మెట్టుకూ తేడా తెలుస్తోందో లేదో చూడండి. పూర్తి చుట్టు పాన్ చేసి, ఏ ఒక్కచోటైనా బిగుసుకుంటోందేమో చూడండి. ఒకచోట బిగుసుకుందంటే ఆ హెడ్ ఎప్పుడో కిందపడింది. ప్లేటు దొరికే రకమేనా, పిడి బిగించే పళ్లు అరిగాయా, బబుల్‌లో ద్రవం ఉందా అని కూడా చూడండి. ఇవన్నీ బాగుంటే పైన గీతలూ పెచ్చులూ ఉన్నా పట్టించుకోకుండా బేరం ఆడి తెచ్చుకోండి.